లోవాడ, వెలివాడ, పేట: ఓరుగల్లు నివాస చరిత్రలో వర్ధన్నపేట

నగరాన్ని ఆనుకొని ఉన్న పాత వాడలో ఇల్లు చూసుకోవడమా, దూరంగా రోడ్డు వెంట కొత్తగా లేస్తున్న కాలనీలో స్థలం కొనడమా అన్న ప్రశ్న వరంగల్ మధ్యతరగతి కుటుంబాల్లో తరచుగా వినిపిస్తున్నది. ఒకవైపు మట్టెవాడ, గిర్మాజీపేట, కరీమాబాద్, రంగశాయిపేట ఉన్నాయి. మరోవైపు మామునూరు దాటి పంథిని, ఇల్లంద మీదుగా వర్ధన్నపేట దాకా ఖమ్మం రోడ్డుకు రెండు పక్కలా హద్దురాళ్ళు పాతిన వెంచర్లు ఉన్నాయి. ఇది ఇటీవలి స్థిరాస్తి వ్యాపారం తెచ్చిన ప్రశ్న అని భావించడం పరిపాటి. ఓరుగల్లు విషయంలో ఆ భావన పూర్తిగా నిలవదు. కాకతీయుల నాటి నుంచి నేటి వరకు ఈ ప్రాంతంలో నగరకేంద్రం కనీసం మూడుసార్లు స్థానం మార్చుకొన్నది. కేంద్రం కదిలినప్పుడల్లా లోపలిది వెలుపలిదైంది, వెలుపలిది లోపలిదైంది. ఈ చలనాన్ని వాడల పేర్లు, కావ్యసాక్ష్యం, కోటగోడల ఆనవాళ్ళు, ఇటీవలి పాలనా విభజనల ఆధారంగా పరిశీలిస్తూ, వర్ధన్నపేటను వరంగల్ నగరానికి కొత్త శివారుగా లెక్కించడం ఎంతవరకు సమంజసమో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల సాక్ష్యం

నగరపు వెలుపలి నివాసానికి నేటి పత్రికాభాషలో ‘ఉపనగరం’ అన్న మాట స్థిరపడింది. దీనికి ముందు పండితవ్యవహారంలో ఉన్న మాట ‘శాఖానగరం’. అమరకోశం పురవర్గంలో మూలనగరం కంటె వేరైన పురాన్ని ఈ పేరుతో నిర్వచించింది. మూలం, శాఖ అన్న ఉపమానంలో ఒక తీర్పు దాగి ఉంది. శాఖకు స్వతంత్రమైన వేరు లేదు, మూలం నుంచి పుట్టిందే శాఖ. సంస్కృత నిఘంటుకారుడి ఈ ఊహ తెలుగు నేలమీది స్థలనామాలకు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న.

తెలుగులో వాడుకలో నిలిచిన పదాలు వేరే కథ చెబుతాయి. ‘వాడ’ ఒక వృత్తివారో ఒక కులంవారో కలిసి ఉండే చోటు. ‘పాళెం’ మొదట సైన్యం విడిసిన చోటు, తరువాత స్థిరనివాసం. దాని పక్కనే వరంగల్‌లో పారసీ మూలం గల ‘లష్కర్’ లష్కర్ సింగారంలో మిగిలింది. ‘సుబేదారి’ అన్నది మనుషుల నివాసం కంటె అధికారి కొలువును గుర్తుచేసే పేరు. ‘పేట’ అన్నది వర్తకులూ చేతిపనివారూ చేరిన అంగడి ఊరు. తమిళంలో పేట్టై, కన్నడంలో పేటె, మరాఠీలో పేఠ్‌గా ఈ మాట దక్కను అంతటా వ్యాపించి ఉంది. బెంగళూరులో వలె చాలా చోట్ల కోట, పేట జంటగా కనిపిస్తాయి. కోట పాలకునిది, పేట వర్తకునిది. అయితే ప్రతి పేటకూ పక్కన కోట ఉండి తీరాలన్న నియమం లేదు. చుట్టుపట్ల పల్లెల పంటకు అంగడిగా, బాటసారులకు మజిలీగా తనంతట తాను నిలిచిన పేటలు తెలంగాణలో అనేకం.

ఇక ‘వెలివాడ’. పదం నిర్మాణాన్ని బట్టి చూస్తే ఇది కేవలం వెలుపలి వాడ. వాడుకలో మాత్రం ఊరు ఎవరిని తనలో కలుపుకోలేదో వారి నివాసం. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వసతిగృహం నుంచి బహిష్కృతులైన దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకొన్న గుడారానికి ఈ పేరే పెట్టడం, ఆ మాటలోని గాయం ఎంత పచ్చిగా ఉన్నదో చూపింది. వెలుపల ఉండడం కొందరికి ఎంపిక, కొందరికి విధింపు. ఉపనగరాల చరిత్రను ఇళ్ళ ధరలు, ప్రయాణ సమయాలతో మాత్రమే రాసేవారు ఈ తేడాను సాధారణంగా వదిలేస్తారు. తెలుగు భాష వదలలేదు.

‘శివారు’ మరొక విలువైన పదం. రెవెన్యూ వ్యవహారంలో ఇది ఒక గ్రామానికి చెందిన పొలాల విస్తీర్ణాన్నీ, ఆ గ్రామానికి అనుబంధంగా ఉన్న చిన్న ఊరినీ సూచిస్తుంది. ఇక్కడ కేంద్రం గ్రామం. నేటి వార్తాభాషలో ‘నగర శివారు’ అన్నప్పుడు కేంద్రం నగరమవుతుంది. అదే మాట, అదే నేల, కొలత మొదలుపెట్టిన చోటు మాత్రం మారింది.

మూడు గోడలు

కాకతీయుల మొదటి రాజధాని అనుమకొండ. అక్కడ రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడిని నిర్మింపజేసి, తన స్వాతంత్ర్యాన్ని ప్రకటించే శాసనాన్ని నిలిపినాడు. గుట్టల మధ్య ఉన్న అనుమకొండను వదలి ఆగ్నేయంగా మైదానంలో ఉన్న ఓరుగల్లుకు రాజధానిని మార్చే పని అతని కాలంలోనే మొదలై గణపతిదేవుని కాలంలో (1199–1262) పూర్తయింది. స్వయంభూ దేవాలయాన్ని కేంద్రం చేసుకొని, దాని చుట్టూ దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట, దాని వెలుపల అగడ్త, ఇంకా వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట వెలసినాయి. మట్టికోట నిర్మాణంలో రుద్రమదేవి పాత్రను చరిత్రకారులు గుర్తించినారు. వీటన్నిటికీ వెలుపల సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మరొక మట్టిగోడ ఆనవాళ్ళు ఉన్నాయి. స్థానిక ఐతిహ్యం ఓరుగల్లుకు ఏడు కోటలని చెబుతుంది. నేలమీద కొలవగలిగినవి మూడు.

ఈ మూడు వలయాలు నివాసానికి స్పష్టమైన తరతమాలు ఏర్పరచినాయి. రాతికోటలో రాజు, దేవుడు, కొలువు. మట్టికోటలో వారిని ఆశ్రయించుకొన్న జనం. రెండో గోడకు వెలుపల, మూడో గోడకు లోపల ఉన్న విశాలమైన నేల మీద చెరువులు, పొలాలు, వాటి నడుమ అక్కడక్కడ వాడలు. మట్టెవాడ ఇటువంటిది. కోటకు వాయవ్యంగా, అనుమకొండకు పోయే బాట మీద ఉన్న ఈ వాడ కాకతీయుల కాలానికే వర్తకస్థానం. అనుమకొండ నుంచి కోటకు వచ్చిపోయే రాకపోకలన్నీ తన మీదుగా సాగడం దాని బలం. నేటి పరిభాషలో చెప్పాలంటే మట్టెవాడ ఆనాటి దగ్గరి శివారు. కోట లోపలి రక్షణ దానికి లేదు. కాని కోట లోపల లేని అంగడి స్వేచ్ఛ దానికి ఉంది.

రక్షణ కావాలా, అంగడి కావాలా అన్నదే నాటి ఎంపిక అయితే, ఆ ఎంపిక చేయగలిగినవారు ఎవరన్నది తరువాతి ప్రశ్న. వర్తక సమయాలుగా సంఘటితమై సుంకాల విషయంలో మాట చెల్లించుకోగల కోమట్లు, పెక్కండ్రు వంటివారు చేయగలరు. కొలువును నమ్ముకొన్న నాయకుడు కోట విడిచి పోలేడు. చెరువుకట్ట కింది రైతుకు గోడ ఎక్కడ కట్టినారన్నది తన చేతిలో లేని విషయం.

క్రీడాభిరామపు బాటసారులు

ఓరుగల్లు వాడలను గురించి మాట్లాడేవారు క్రీడాభిరామాన్ని తప్పించుకోలేరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు రూపమైన ఈ వీథీ రూపకం వినుకొండ వల్లభరాయని పేర ఉంది. శ్రీనాథుడే దీన్ని రచించినాడని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించడం, ఆ వాదంపై సాగిన చర్చ సుపరిచితాలు. కర్తృత్వం ఎవరిదైనా నగరచరిత్రకు ఇది అరుదైన ఆధారం. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కాకతీయుల కాలపు జనజీవనాన్ని చిత్రించడానికి దీన్ని విస్తృతంగా వినియోగించుకొన్నారు.

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కన్నదంతా చెప్పుకొంటూ పోవడమే ఈ రచన. ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది అందులోని విశేషాల జాబితా కాదు, వారు నడిచే దిశ. నగరం వారికి వెలుపలి నుంచి లోపలికి తెరుచుకొంటుంది. వెలిపాళెం, మైలసంత వంటి పేర్లు ఈ కావ్యం వల్లనే మనకు దక్కినాయి. పరిఖ, ప్రాకారం, ద్వారం దాటడం ఒక అనుభవంగా వర్ణితమైంది. కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, పలనాటి వీరుల కథాగానం, ఏకవీర గుడి, మైలారదేవుని భక్తుల సాహసాలు, పూటకూటి ఇల్లు, వేశ్యవాటిక అన్నీ ఈ నడకలో ఎదురవుతాయి.

ఈ సాక్ష్యాన్ని వాడుకోవడంలో రెండు జాగ్రత్తలు అవసరం. త్రిపురాంతకుడు ప్రతాపరుద్రుని కాలం (1289–1323) వాడని భావిస్తారు. తెలుగు రూపం అందుకు కనీసం కొన్ని దశాబ్దాల తరువాతిది. కనుక కావ్యంలో కనిపించే ఓరుగల్లు నిండుగా ఉన్న రాజధానినా, దాని జ్ఞాపకమా అన్నది ప్రతి వర్ణన దగ్గరా వేరువేరుగా తేల్చుకోవలసిన అంశం. రెండో జాగ్రత్త ఇంతకంటె ముఖ్యమైనది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇద్దరూ విహారానికి వచ్చినవారు. వెలిపాళెం వారికి వేడుక చూసి దాటిపోయే చోటు. అక్కడ ఉండేవారికి వర్షాకాలంలో అగడ్త ఎలా ఉంటుందో, ద్వారం మూసిన తరువాత రాత్రి ఎలా గడుస్తుందో ఈ మిత్రులు అడగరు. వీథీ రూపకం ఆ ప్రశ్నను కోరదు కూడా. వెలుపలి వాడల గురించి మనకున్న అత్యంత సజీవమైన వర్ణన, అక్కడ కాపురం ఉండనివారు చెప్పినది. సాంఘిక చరిత్రకారులు ఈ కావ్యం నుంచి తిండి, బట్ట, ఆటపాటల వివరాలను ఏరుకొన్నంత శ్రద్ధగా దాని చూపులోని ఈ పరిమితిని పట్టించుకోలేదు.

మైలారదేవుని ప్రస్తావన వర్ధన్నపేట వైపు దారి చూపుతుంది. క్రీడాభిరామంలోని మైలారభక్తుల ఆరాధనకు నేటి కొనసాగింపుగా తెలంగాణలో మల్లన్న కొలువు నిలిచి ఉంది. దాని ప్రధాన స్థానాల్లో ఒకటైన ఐనవోలు వర్ధన్నపేట సమీపంలోనిదే. అక్కడి మల్లికార్జునస్వామి గుడిని స్థానిక సంప్రదాయం కాకతీయుల మంత్రి అయ్యన్నతో ముడిపెడుతుంది. సంక్రాంతితో మొదలయ్యే జాతరకు నగరం నుంచి జనం బయటికి కదులుతారు. గోడల వలయాలతో నిమిత్తం లేకుండా, వెలుపలి ఊరే కేంద్రమై నగరాన్ని తనవైపు రప్పించుకొనే పద్ధతి ఇది. ఓరుగల్లు ప్రాంతానికి ఒకటే కేంద్రం ఉండేదన్న ఊహను ఇటువంటి క్షేత్రాలు సడలిస్తాయి.

తారుమారైన లోపలి భాగం

1323లో ఉలుఘ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు లోబడింది. నగరానికి సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టినారు. ఆ తరువాత ముసునూరి కాపయ నాయకుడు, రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు వరుసగా దీన్ని ఏలినా, రాజధాని హోదా స్థిరంగా నిలవలేదు. ఫలితం నేలమీద నేటికీ కనిపిస్తుంది. ఒకనాడు అందరికంటె లోపలిదైన రాతికోట ఆవరణలో కీర్తితోరణాల చుట్టూ వ్యవసాయం సాగింది. ఖిలా వరంగల్ ఒక పల్లెగా మిగిలింది. కేంద్రమే శివారైంది.

దానికి విలోమంగా మట్టెవాడ నిలదొక్కుకొన్నది. కొలువు మీద ఆధారపడిన వాడ కొలువుతో పోయింది. అంగడి మీద ఆధారపడిన వాడ మిగిలింది. 1880ల్లో నిజాం రైలుమార్గం సికింద్రాబాద్ నుంచి వరంగల్ చేరి, 1889 నాటికి బెజవాడతో కలవడంతో ఈ అంగడికి కొత్త ఊపు వచ్చింది. మార్గం కోటకూ మట్టెవాడకూ నడుమ పోయింది. స్టేషను ఉత్తరపు దిక్కు మండీలు, దుకాణాలు పెరిగినాయి. పట్టాలకు అవతల శివనగర్, కరీమాబాద్, ఖిలా వరంగల్ మరొక లోకంగా ఏర్పడినాయి. అండర్ బ్రిడ్జి ఒకరకంగా కొత్త కోటద్వారం అయింది. వానాకాలంలో దాని కింద నీరు నిలిచినప్పుడు ఆ పోలిక మరీ సార్థకమవుతుంది.

1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు ఈ పాత వలయానికి కార్మిక జనాన్ని చేర్చింది. గ్రంథాలయోద్యమ కాలంలో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం (1904), ఓరుగల్లులో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం (1918) వెలియడం, చదువుకొన్న మధ్యతరగతి రెండు చోట్లా స్థిరపడుతున్నదని సూచిస్తుంది. కాని తరువాతి ఒరవడి హనుమకొండ, కాజీపేటల వైపు సాగింది. బల్లార్షా మార్గంతో కాజీపేట కూడలిగా మారింది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఆ దిక్కునే ఏర్పడినాయి. మిల్లు మూతపడింది. ఎనిమిది శతాబ్దాల కిందట ఓరుగల్లు కోసం వదిలిన అనుమకొండకే అధికారం, విద్య, జీతం తిరిగి చేరినాయి. మట్టెవాడ చుట్టుపట్ల ఇరుకు వీధులు, ఉమ్మడి గోడలు, పాత ఇళ్ళు మిగిలినాయి.

పాత లోవాడలో ఉండడానికి ఇప్పుడు ఉన్న ఆకర్షణ నడకదూరంలో అంగడి, ఆసుపత్రి, స్టేషను. దాని కష్టం ఇరుకు. అయితే అక్కడి పాత వాడలు కాకతీయుల గొలుసుకట్టు చెరువుల పల్లాన్ని ఎరిగి ఏర్పడినవి. ఆ తరువాత నగరం హడావిడిగా నింపుకొన్న ఖాళీలు అలాంటివి కావు. 2023 జులైలో కురిసిన వానలకు భద్రకాళి చెరువుకట్ట తెగి పోతననగర్ వైపు నీరు పోయింది. నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు పరిసరాల కాలనీలు మునిగినాయి. చెరువు మత్తడి నీరు ఎటు పోతుందో చూడకుండా ఇల్లు కట్టడం లోపలా జరిగింది, వెలుపలా జరుగుతున్నది. వర్ధన్నపేట పక్కన పారే ఆకేరు 2024 సెప్టెంబరులో దిగువన మరిపెడ దగ్గర వంతెన మీదుగా పొంగి వరంగల్–ఖమ్మం రోడ్డును తెంచివేసింది. రోడ్డునే నమ్ముకొని దూరంగా స్థిరపడేవారికి ఆ సంఘటన ఒక లెక్క. కొత్త శివారును ఎంచుకొనేవారు గజం ధరతో పాటు ఈ లెక్కనూ వేసుకోవలసి ఉంటుంది.

పేటను శివారు చేయడం

వర్ధన్నపేట వరంగల్‌కు సుమారు 27 కిలోమీటర్ల దూరంలో ఉంది. కాకతీయుల మూడో గోడ కేంద్రం నుంచి ఆరు కిలోమీటర్లకు కొంచెం పైన ఆగిపోయింది. అంటే ఆ గోడను నాలుగింతలు జరిపినా వర్ధన్నపేట దాని లోపలికి రాదు. వర్ధన్న అన్న వ్యక్తినామానికి పేట చేరిన ఈ ఊరిపేరులో నగరపు నీడ కనిపించదు. ఆకేరు, కోనారెడ్డి చెరువు కింది సాగు, చుట్టుపట్ల పల్లెల అంగడి, ఓరుగల్లు నుంచి ఖమ్మం దిక్కు పోయే దారి దీనికి ఆధారాలు. మట్టెవాడ నగరం వల్ల పుట్టిన వాడ. వర్ధన్నపేట పంట వల్ల నిలిచిన పేట. ఈ రెంటినీ ఒకే రేఖ మీద దగ్గరి శివారు, దూరపు శివారు అని గుర్తించడం రేఖాపటానికి అనుకూలమే. చరిత్రకు అది సరిపడదు.

అయినా గత దశాబ్దంలో పాలనాయంత్రాంగం ఈ రేఖనే గీసుకొంటూ వచ్చింది. 42 గ్రామపంచాయతీలు విలీనమై, 2015లో మహా వరంగల్ నగరపాలక సంస్థగా మారిన నగరం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. కాళోజీ కుటుంబం ఊరైన మడికొండ కూడా ఇప్పుడు నగరంలోనిదే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాత వర్ధన్నపేట మండలంలోని ఐనవోలు వేరే మండలమై వరంగల్ అర్బన్ జిల్లాలోకి, వర్ధన్నపేట వరంగల్ రూరల్ జిల్లాలోకి పోయినాయి. రెండేళ్ళు తిరగకముందే 2018లో ‘రూరల్’ జిల్లాలోని వర్ధన్నపేట పురపాలక సంఘమైంది. ‘అర్బన్’ జిల్లాలోని ఐనవోలు గ్రామపంచాయతీగానే ఉంది. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా పేర్లు మార్చుకొన్నాయి. ఖిలా వరంగల్, వర్ధన్నపేట ఒకే జిల్లాలో చేరినాయి. అంటే కాకతీయుల అంతఃప్రాకారం, వారి ఏ ప్రాకారానికీ అందని పేట ఇప్పుడు ఒకే జిల్లావారి లెక్క. శాసనసభ నియోజకవర్గాల సరిహద్దులు మరీ విచిత్రం. 2008 పునర్విభజన తరువాత వర్ధన్నపేట పేరుతో ఉన్న ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో నగరానికి అవతలి వైపు, కరీంనగర్ రోడ్డులో ఉన్న హసన్‌పర్తి కూడా ఉంది. నగరం చుట్టూ మిగిలిన నేలకు వర్ధన్నపేట పేరు పెట్టినట్లయింది. వెలుపలి వలయానికి ఒక పేటపేరు దక్కడం స్థలనామ చరిత్రలో అరుదు.

ఈ పేర్ల మార్పిడిని కేవలం కాగితాల వ్యవహారంగా తీసివేయరాదు. ఊరు పురపాలక సంఘంలో చేరిన రోజు నుంచి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం (2005) అక్కడ వర్తించకుండా పోయింది. ఎండాకాలం చెరువు పూడికతీత పనికి పోయే కూలీ కుటుంబానికి తన గుడిసె ఉన్నచోటనే ఉండగా పని పోయింది. ఇంటిపన్ను లెక్క, ఇల్లు కట్టుకొనే అనుమతి మారుతాయి. మరోపక్క రోడ్డు పక్క రెండెకరాలు ఉన్నవాడికి అదే ప్రకటన ధరను పెంచుతుంది. వరంగల్ నుంచి స్థలం చూడడానికి వచ్చే కుటుంబం పాత వాడకూ కొత్త శివారుకూ నడుమ ఎంచుకొంటున్నది. వర్ధన్నపేట కూలీ ఎక్కడికీ కదలకుండానే నగరవాసి అయిపోయినాడు. అతన్ని ఎవరూ ఎంచుకొమ్మని అడగలేదు. వెలిపాళెం దాటి లోపలికి నడిచిన మంచనశర్మకూ, అక్కడే ఉండిపోయినవారికీ మధ్య ఉన్న దూరం ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది.

ఇటీవలి వెంచర్ల పేర్లలో నగర్, కాలనీ, టౌన్‌షిప్, సిటీ వంటి మాటలే వినిపిస్తున్నాయి. కొత్తగా వాడ, పేట అన్న పేర్లు పుట్టడం దాదాపు ఆగిపోయింది. బృహత్ప్రణాళికలు వలయ రహదారుల భాషలో మాట్లాడతాయి. కాకతీయుల మట్టిగోడలు జనాన్ని ఎక్కడ ఆపాలో చెప్పేవి, వలయ రహదారులు జనం ఎక్కడి దాకా పోవచ్చునో చెబుతాయి. రిజిస్ట్రేషను దస్తావేజు భాష మాత్రం పాత ఒరవడిని వదలలేదు. ప్రకటనలో వరంగల్ నగర శివారుగా అమ్ముడైన స్థలం, సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో కాగితం మీద ఇప్పటికీ ‘వర్ధన్నపేట గ్రామ శివారు’లోని సర్వే నంబరుగానే నమోదవుతున్నది.